రెండడుగుల తేడా: రెండు అల్యూమినియం మోటారు పడవలపై ఒక విమర్శ

పడవ కొనువాడు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఎన్ని అడుగులు?" అన్నది. అమ్మువాడు చెప్పు మొదటి మాటయు అదియే. ధర దానినిబట్టియే, పేరు దానినిబట్టియే, కొన్నవాని గొప్ప కూడ చాలవరకు దానినిబట్టియే. బియ్యమును సంచి పొడవునుబట్టి కొనువారెవరును లేరు. పడవను మాత్రము పొడవునుబట్టి కొనుచున్నాము. ఈ అలవాటు అశాస్త్రీయమైనది. కొన్ని పట్ల ప్రాణాపాయము తెచ్చునది కూడ.

నందికొట్కూరు వంటి మెట్ట ప్రాంతమున పడవల చర్చ ఏమిటని కోస్తా పాఠకులు నవ్వవచ్చును. కాని 1981లో శ్రీశైలము ఆనకట్ట వెనుక నీరు నిలుచుట మొదలైన తరువాత ఈ మెట్ట నేలకు ఉత్తరపు సరిహద్దు ఒక పెద్ద చెరువైనది. జలాశయము నిండు మట్టము 885 అడుగులు. ఆ మట్టమునకు చేరినప్పుడు నీరు కృష్ణ వెంటను తుంగభద్ర వెంటను వెనుకకు పోటెత్తి మల్యాల, ముచ్చుమర్రి, నెహ్రూనగర్, సంగమేశ్వరము, సిద్ధేశ్వరముల వరకు పరచుకొనును. వానకొరకు ఆకాశమును చూచు రైతు ఇంటికి కొన్ని మైళ్ల దూరముననే అవతలి ఒడ్డు కంటికి ఆనని నీరున్నది. ఆ నీటిపై వల వేయువారున్నారు. అవతలి ఒడ్డున తెలంగాణలోని సోమశిలకును మంచాలకట్టకును పోవువారున్నారు. వీరికి పడవ విలాసము కాదు; ఎడ్లబండి వంటి పనిముట్టు.

ఇక్కడ అనాదిగా వాడుకలో నున్నది పుట్టి. తరువాత నాటుపడవ, దానికి మోటారు, ఆపైన ఫైబరు పడవ వచ్చినవి. ఇప్పుడు అల్యూమినియం పడవ కూడ కొనుగోలుదారు ఎదుట నిలుచుచున్నది. ఒకే అచ్చులో, ఒకే రేకుతో, ఒకే రంగుతో చేసిన రెండు పడవలలో చిన్నది తీసికొనవలెనా, పెద్దది తీసికొనవలెనా అన్నది సంఘములకును, విడి మత్స్యకారులకును ఎదురగు ప్రశ్న. విమర్శకొరకు ఏ ఒక్క కంపెనీ సరుకును ఎన్నుకొనక, ఈ జాతి పడవలలో సాధారణముగ కనబడు కొలతలనే తీసికొందము. చిన్న పడవ పొడవు 14 అడుగులు, వెడల్పు 5 అడుగులు. పెద్దదాని పొడవు 16 అడుగులు, వెడల్పు 6 అడుగులు. మోటారు లేకుండ చిన్నదాని బరువు రమారమి 100 కిలోలు, పెద్దదానిది 150 కిలోలకు దగ్గర.

చూచుటకు తేడా స్వల్పము. పొడవులో ఏడవ వంతు ఎక్కువ, అంతే. కాని పడవ నీటిపై నిలకడగా నుండుటకు పొడవుకంటె వెడల్పు ఎంతో ముఖ్యము. పడవ ఒక పక్కకు ఒరిగినదనుకొనుడు. ఒరిగిన పక్క అంచు కొంత నీటిలోనికి దిగును, రెండవ పక్క అంత పైకి లేచును. దిగిన పక్కన క్రొత్తగా నీటిని త్రోయుచున్న భాగము బల్లలు చీల్చువాని మేకు ఆకారములో నుండును. వెడల్పు పెరిగినకొలది ఆ మేకు లోతు పెరుగును, దాని అడ్డుకొలత కూడ పెరుగును. అనగా దాని పరిమాణము వెడల్పు వర్గమునుబట్టి పెరుగును. అది పడవను తిరిగి నిలబెట్టు మీటగా పనిచేయునప్పుడు ఆ మీట చేయి పొడవు కూడ వెడల్పుతోనే పెరుగును. మొత్తముమీద, ఆకారము వలన కలుగు నిలకడ పొడవుతో సమముగను, వెడల్పు ఘనముతో సమముగను పెరుగునన్నమాట.

ఇప్పుడు లెక్క చూడుడు. పొడవుల నిష్పత్తి 16కు 14, అనగా 1.14. వెడల్పుల నిష్పత్తి 6కు 5, అనగా 1.2, దాని ఘనము 1.73. రెంటిని హెచ్చవేసిన దాదాపు 2 వచ్చును. రెండడుగుల పొడవు పెరిగినదని పత్రములో వ్రాసిన చోట నిజముగ జరిగినది నిలకడ రెండింతలగుట. ఆ రెండింతలలో పొడవు తెచ్చినది కొద్దిపాటి. తక్కినదంతయు అడుగు వెడల్పు తెచ్చిపెట్టినదే. అమ్మకపు పత్రములో పొడవును పెద్ద అక్షరములతోను, వెడల్పును చిన్న అక్షరములతోను అచ్చువేయుట చూచినప్పుడు, పుస్తకము పేరును దాచి పుటల సంఖ్యను అట్టమీద వేసినట్లుండును.

ఇంకొక ఉదాహరణము. 16 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పుగల పడవ ఒకటి, 14 అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పుగల పడవ ఒకటి పక్కపక్కన నున్నవనుకొందము. కొనువారిలో పదింట తొమ్మిదిమంది పొడుగుదానినే పెద్దదందురు. లెక్క ప్రకారము పొట్టిదే నిలకడగలది. దాని నిలకడ పొడుగుదానికంటె ఆరవ వంతు ఎక్కువ.

ఈ సంగతి శాస్త్రజ్ఞులు చెప్పకముందే మన పుట్టి చేయువారికి తెలియును. ఎనిమిదడుగుల వ్యాసముగల పుట్టికి ఇదే లెక్క కట్టినచో, పై అంచు కొలతలనుబట్టి, అది 14 అడుగుల చిన్న పడవకంటె నిలకడగలదని తేలును. వెదురుబద్దలు అల్లి, పూర్వము తోలును నేడు ప్లాస్టిక్కు పట్టాను కప్పిన ఆ గుండ్రని బుట్టలో గొర్రెలను, ధాన్యపు మూటలను, ఒకప్పుడు బండ్లను కూడ దాటించిరన్న ఆశ్చర్యములేదు. దాని లోపము నిలకడలో లేదు. దానికి ముందు వెనుకలు లేవు. తెడ్డు వేసిన కొలది తిరుగును. గాలి ఎటు త్రోసిన అటు పోవును. వేగము ఎంత కోరినను నీటిని ఎదురుగా నెట్టుకొనుచునే పోవలెను. మోటారు పడవ ఈ లోపమును తీర్చుటకు వచ్చినది. తీర్చుచు పుట్టిలోని గుణమును పోగొట్టుకొనకుండుట ముఖ్యము.

వెడల్పును గూర్చి ఇంత చెప్పిన తరువాత, వెడల్పు ఒక్కటే సర్వస్వము కాదని కూడ చెప్పవలెను. నిలకడకు రెండవ శత్రువు ఎత్తు. అరవై కిలోల మనిషి బల్లపై కూర్చున్నప్పుడు ఒక లెక్క, లేచి నిలుచున్నప్పుడు ఇంకొక లెక్క. నిలుచున్నవాని గురుత్వ కేంద్రము అడుగుకు పైగా పైకి పోవును. ఆ మేరకు పడవయొక్క గురుత్వ కేంద్రము కూడ లేచి, ఆకారము ఇచ్చిన నిలకడను తినివేయును. వల లాగువాడు నిలువక తప్పదు. కనుక వలలవారికి ప్రయాణీకులకంటె ఎక్కువ వెడల్పు కావలెను. మన కొనుగోలులో తరచు జరుగునది దీనికి విరుద్ధము.

బరువు విషయము తీసికొందము. ఒక ఘనపుటడుగు నీటి బరువు 28 కిలోల చిల్లర. చిన్న పడవ నీటిని తాకు వైశాల్యమునుబట్టి చూచిన, అది ఒక అంగుళము దిగుటకు సుమారు 105 కిలోలు చాలును. పెద్దదానికి 145 కిలోలు కావలెను. అనగా ఇద్దరు మనుషులు ఎక్కినచో చిన్న పడవ అంగుళమునకు పైగా దిగును. నీటిపై మిగిలిన అంచు ఎత్తే పడవకు కోటగోడ. పత్రములో పడవ లోతు వ్రాయుదురు. నిండు బరువుతో అంచు ఎంత మిగులునో వ్రాయరు. మనకు కావలసినది రెండవది.

ఎంతమంది ఎక్కవచ్చును? అమెరికాలో చిన్న మోటారు పడవలకు ఒక తేలిక సూత్రము వాడుకలో నున్నది. పొడవును వెడల్పుచే అడుగులలో హెచ్చవేసి, 15చే భాగించవలెను. చిన్న పడవకు 70ని 15చే భాగించిన 4 దాటి 5కు చేరదు. పెద్దదానికి 96ను భాగించిన 6 చిల్లర. ఆ చిల్లరను ఇంకొక మనిషిగా మార్చుటకు మనము చూపు ఉత్సాహము లెక్కలలో మరెక్కడను చూపము. ఆ దేశమున ఒక మనిషికి 150 పౌనులు, అనగా 68 కిలోలు, అని పెట్టుకొని కట్టిన లెక్క అది. మనవారు సన్నగా నుందురు కదాయని ఒకరనవచ్చును. నిజమే; కాని మనవారు ఒంటరిగా ఎక్కరు. బియ్యపు మూట, నీళ్ల బిందె, చంటిబిడ్డ, ఒక్కొక్కప్పుడు మోటారు సైకిలు కూడ వెంట ఎక్కును.

ఇది నవ్వుటకు తగిన మాట కాదు. 2007 జనవరిలో నెహ్రూనగర్‌కును అవతలి మంచాలకట్టకును నడుమ కృష్ణలో పడవ మునిగి అరవైమందికి పైగా మరణించిరి. సింగోటము జాతర దినములవి. ఆ తరువాతనే సోమశిల, సిద్ధేశ్వరముల మధ్య వంతెన కావలెనన్న కోరిక బలపడినది. 2022లో కేంద్ర ప్రభుత్వము ఆ వంతెనకు ఆమోదము తెలిపినది. వంతెన వచ్చువరకును, వచ్చిన తరువాత కూడ వలల కొరకును, పడవ ఉండును. నేను ఈ రెండు పడవలనుగూర్చి ఎంత మెచ్చినను, పెద్దదానిని సహితము జాతర రేవునకు పనికివచ్చునని ఎవరును అర్థము చేసికొనరాదు. ఆరుగురికి మించి ఎక్కించు పని ఉన్నచో రెండును పనికిరావు. 14 అడుగులదాని బదులు 16 అడుగులదానిని కొంటిమి గనుక ఇక పదిమంది ఎక్కవచ్చునన్న ధైర్యము, చిన్న పడవను కొని జాగ్రత్తగా వాడుటకంటె ప్రమాదకరమైనది.

పత్రములో వెదకినను కనబడని మరియొక విషయము, నీరు నిండినచో పడవ తేలునా అన్నది. కర్రపడవ బోల్తాపడినను తేలుచుండును. దానిని పట్టుకొని మనిషి బ్రతుకవచ్చును. అల్యూమినియం ఎంత తేలికయని పేరుపడినను నీటికంటె 2.7 రెట్లు బరువైనది. 100 కిలోల అల్యూమినియం త్రోయు నీరు 37 లీటర్లు మాత్రమే. కనుక నీరు నిండిన చిన్న పడవను తేలించుటకు 63 కిలోల ఆధారము వేరుగ కావలెను. మోటారుకు ఇంకొక 25, 30 కిలోలు. ఈ ఆధారము బల్లల క్రింద అమర్చిన ఫోము దిమ్మలనుండి రావలెను. వంద లీటర్ల ఫోము ఉన్నచో పడవ మాత్రము తేలును. పట్టుకొన్న మనుషులకు అంతకంటె ఎక్కువ కావలెను. పెద్ద పడవకు ఇవన్నియు ఒకటిన్నర రెట్లు. ఈ దిమ్మలు మోటారున్న వెనుక కొనయందే కాక రెండు పక్కలను పైఎత్తున ఉండవలెను. అప్పుడే మునిగిన పడవ తలక్రిందులు కాక సమముగ నిలుచును. ఇక్కడ చిన్న పడవ పెద్దదాని కంటె మేలైనది కావచ్చును, పెద్దది మేలైనది కావచ్చును. బల్ల విప్పి చూడనిదే ఎవరును చెప్పలేరు. సరుకు పెట్టుకొనుటకు చోటుకావలెనని ఫోము తీసివేయుట మాత్రము క్షమింపరానిది.

వేగము విషయమున అమ్మకపువారి మాటలు మరీ ఎక్కువ. ఆంగ్ల ఇంజనీరు విలియం ఫ్రూడ్ 1860 దశకములో డార్ట్ నదిపై రెండు ఆకారముల నమూనా పడవలను లాగించి చూచెను. ఒకదాని పేరు హంస, రెండవదాని పేరు కాకోలము. హంసకు మొద్దు కొనలు, కాకోలమునకు వాడి కొనలు. ఒక్కొక్క ఆకారమును 3, 6, 12 అడుగుల పొడవులతో మూడేసి చేయించెను. చూపరులు వాడి కొనదే గెలుచుననుకొనిరి. నిదానమైన వేగమున అదియే మేలనిపించినది. వేగము పెరిగిన తరువాత హంసకే తక్కువ నిరోధము కలిగినది. అంతకంటె ముఖ్యమైనది, ఒకే ఆకారముగల చిన్న పెద్ద పడవలు లేపు అలలు ఒకే తీరుననుండుటకు వాని వేగములు పొడవుల వర్గమూలముల నిష్పత్తిలో ఉండవలెనని తేలుట. నేటికిని పెద్ద ఓడల రూపమును చిన్న నమూనాలపై పరీక్షించుటకు ఇదే ఆధారము.

మన రెండు పడవలకు దీనిని అన్వయించిన, 16ను 14చే భాగించి వర్గమూలము కట్టిన 1.07 వచ్చును. నిండు బరువుతో నీటిని దున్నుచుపోవునప్పుడు చిన్న పడవ గంటకు సుమారు 9 కిలోమీటర్లు పోగలిగినచో, పెద్దది తొమ్మిదిన్నర పోగలదు. వేగము కొరకు పెద్దది కొనువానికి దక్కునది ఈ అర కిలోమీటరు. దానిని మించిపోవలెనన్న పడవ తాను లేపిన అలను ఎక్కి, నీటిపైకి లేచి జారవలెను. అందుకు పొడవు కాదు, బరువునకు తగిన యంత్రబలము కావలెను. 15 అశ్వశక్తుల యంత్రముతో ఇద్దరిని మోయుచు పైకి లేచు చిన్న పడవ, అయిదుగురిని ఎక్కించినప్పుడు తరచు లేవదు. ముక్కు పైకెత్తి, వెనుక దిగబడి, పెట్రోలును మాత్రము పూర్తిగ త్రాగును. పెద్ద పడవకు ఈ పని చేయుటకు 25 అశ్వశక్తులు కావలెను. ఆ యంత్రమొక్కటే 60, 70 కిలోలు తూగును. కొన్నప్పటి ధర ఒకసారి ఇచ్చునది. యంత్రము పెరిగిన ఖర్చు ప్రతిదినము ఇచ్చునది.

లోహమునుగూర్చి రెండు మాటలు చాలును. రెండవ ప్రపంచ యుద్ధము ముగియు వేళకు అమెరికాలో విమానములు చేయు గ్రమ్మన్ కంపెనీ అల్యూమినియం దోనెలు చేయ మొదలుపెట్టినది. ఆకాశమునకు కుదిరిన రేకు నీటికిని కుదిరినది. పడవలకు వాడునది శుద్ధమైన అల్యూమినియం కాదు, మెగ్నీషియము కలిపిన మిశ్రలోహము. 5052, 5083 అను అంకెలు పత్రముపై ఉన్నచో మంచి గుర్తు. మన మంచినీటిలో ఇది తుప్పువలన చెడుట అరుదు. కాని ఇత్తడి మరలుగాని, రాగి తీగగాని దానికి తగిలి తడిలో నున్నచో రేకే కరగిపోవును. ఇక మరమ్మతు. నీటిక్రింద మునిగిన ఊళ్ల గోడలు, చెట్ల మోళ్లు ఈ జలాశయమున ఉన్నవి. దెబ్బ తగులక మానదు. ఫైబరు పగులును, అల్యూమినియం సొట్టపడును; సొట్ట మేలు. కాని చిరిగినచో ఇనుము అతుకు వెల్డరు దీనిని అతుకలేడు. ఈ లోహము 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగును. దానిపై సహజముగ ఏర్పడు పలుచని పొర 2,000 డిగ్రీలు దాటినగాని కరుగదు. పొర కరుగకముందే క్రింది రేకు కారిపోవును. ఆర్గాను వాయువుతో చేయు వెల్డింగు దానికి కావలెను. రివెట్ల పడవయైనచో వదులైన రివెట్టును ఊరిలోనే బిగించుకొనవచ్చును. అందుచేత రెండింటిలో ఏది కొన్నను, దూరపు పల్లెలవారికి రివెట్లదే నాకు మేలుగ తోచుచున్నది. మే నెల మధ్యాహ్నము ఎండలో నిలిచిన అల్యూమినియం బల్లపై కూర్చున్నవాడు మాత్రము చెక్కపడవను తలచుకొనును; గోనెపట్టా ఒకటి దగ్గరనుంచుకొనుట మంచిది.

ఇంతవరకు చెప్పినదంతయు పెద్ద పడవ పక్షముననే ఉన్నట్లు తోచవచ్చును. ఇప్పుడు చిన్నదాని పక్షము. శ్రీశైలము జలాశయము సముద్రము వలె ఒకచోట నిలుచు నీరు కాదు. వర్షాకాలమున నిండును, వేసవికి దిగును. సంగమేశ్వరాలయము ఏటా చాల నెలలు నీటిలోనుండి, నీరు తగ్గినప్పుడు శిఖరము మొదలుకొని కొంచెము కొంచెముగ బయటపడుట ఈ ప్రాంతమువారందరు ఎరిగినదే. ఆలయము బయటపడినదనగా ఒడ్డు ఎంతో దూరము జరిగినదన్నమాట. నిన్నటి రేవు నేడు బురదనేల. అందు కృష్ణ తెచ్చిన ఒండు మట్టి. కట్టినప్పుడు 308 టి.ఎం.సి.లుగా లెక్కించిన జలాశయము తరువాతి కొలతలో 215కు దిగుటకు కారణమైన మట్టి అదియే. ఆ బురదపై పడవను ఈడ్చుకొనిపోవలెను. 100 కిలోల పడవను నలుగురు మోయగలరు, మోటారును ఒకడు భుజముపై వేసికొనగలడు. 150 కిలోల పడవకు ఆరుగురు కావలెను, దాని మోటారుకు ఇద్దరు. ఇద్దరన్నదమ్ములు కలిసి వేట చేసికొను ఇంటిలో ఆరుగురిని దినమునకు రెండుమార్లు ఎక్కడనుండి తెచ్చుట? మోయలేక పడవను నీటిఅంచుననే వదలినచో, రాత్రి నీరు దిగి అది మోళ్లపై కూర్చుండును. లేదా పై జూరాల, సుంకేసుల గేట్లు ఎత్తిన నీరు దానిని కొట్టుకొనిపోవును.

కనుక నా తీర్పు పడవనుబట్టి కాదు, పనినిబట్టి. ఒడ్డు దగ్గర వల వేయు ఇద్దరికి 14 అడుగులది చాలును. చాలుననుటే కాక, అదియే తగినది. అయితే దాని వెడల్పు అయిదడుగులకు తగ్గరాదు. అయిదున్నర దొరికినచో రెండడుగుల పొడవు వదులుకొని దానినే తీసికొనవలెను. ఆషాఢములో పడమటి గాలి వీచునప్పుడు నడినీటికి పోవువారికి, సంఘము తరఫున నలుగురు అయిదుగురితో సరుకు తెచ్చువారికి 16 అడుగులదే కావలెను. ఆ గాలికి లేచు పొట్టి నిటారు అలలపై చిన్న పడవ అంచు చాలదు. వీరు మాత్రము పడవను ఈడ్చుటకు చక్రముల బండిని పడవతోపాటే కొనవలెను. లేనిచో కొన్న పడవ సగము సంవత్సరము బురదలో నుండును. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము మోటారుతో నడుచు పడవలకు తనిఖీని, నమోదును నిర్దేశించుచున్నది. ఆ తనిఖీలో వ్రాయించుకొనిన మనుషుల సంఖ్యను పడవ లోపలి పక్కన పెద్ద అంకెలతో తెలుగులో వ్రాయించుట చిన్నపనియే.

డబ్బు ఇచ్చుటకు ముందు చేయదగిన పరీక్ష ఒకటి కలదు. దానికి యంత్రములు అక్కరలేదు. పడవను మోకాలిలోతు నీటిలో నిలిపి, మోటారును పెట్రోలును ఎక్కించి, ముగ్గురిని ఒకే పక్క అంచు దగ్గర కూర్చుండబెట్టవలెను. ఆ పక్క అంచు నీటికి ఎన్ని అంగుళముల ఎత్తున మిగిలినదో ఒక కర్రపై గీత గీసి కొలువవలెను. తరువాత ఆ ముగ్గురిని అక్కడనే లేచి నిలుచుండమని మరల కొలువవలెను. పెద్ద పడవకు కూడ ఇట్లే చేసి, నాలుగు గీతలున్న ఆ కర్రను బేరమునకు వెంట తీసికొని పోవలెను.